పగ్గం కట్టుకున్న పళ్ళ డాక్టరు

గుంటూరు పళ్ళ డాక్టరుగారు పోయారన్న కబురు మా బావ తెచ్చాడు. మా బావ అంటే నా డోలు. నేను సన్నాయి ఊదుతుంటే పక్కన కూర్చుని డోలు వాయించే మనిషి. మంచి కబురైనా చెడ్డ కబురైనా డోలు మీద దెబ్బ వేసినట్టే చెబుతాడు. నరసరావుపేట బస్టాండులో టీ తాగుతున్నాం. గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి, "ఒరేయ్, మీ పళ్ళ డాక్టరు పోయాడంటరా. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడంట" అన్నాడు.

దుఃఖం తర్వాత వచ్చింది. ముందు ఆశ్చర్యం వేసింది. నిద్రలో పోయారంటే భయపడకుండా పోయారన్నమాట. మెట్లు దిగడానికి భయం, బస్సెక్కడానికి భయం, ఎవరైనా గట్టిగా దగ్గితే భయం. అన్నిటికీ భయపడిన మనిషి చావడం మాత్రం ధైర్యంగా చేశారు. బస్టాండులో కూర్చుని అదే ఆలోచిస్తూ టీ చల్లార్చుకున్నాను.

పళ్ళ డాక్టరంటే జనం భయపడటం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. వచ్చిన జనాన్ని చూసి భయపడే పళ్ళ డాక్టర్ని ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఆయన దగ్గరికి నేను సరదాగా పోలేదు. ఒక మాఘమాసంలో పర్చూరు వైపు ఒక పెళ్ళి ఊరేగింపు. అప్పుడప్పుడే లారీల మీద ఊరేగింపులు మొదలయ్యాయి. మేళం వాళ్ళని నడిపించకుండా లారీ ఎక్కించడం పెద్ద మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది. రోడ్డు మీద సగం దాకా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎవరి పంట తొక్కితే ఏం గొడవో అని డ్రైవరు బ్రేకు తొక్కాడు. నేను ముందుకు తూలాను. సన్నాయి అవతలి కొన క్యాబిన్ చెక్కకి కొట్టుకుంది, ఇవతలి కొన నా పై ముందుపన్నుకి. పన్ను చిగురు దాకా విరిగి ఒళ్ళో పడింది. జనం ఇంకా "ఊదండి, ఊదండి" అంటూనే ఉన్నారు.

ముందుపన్ను లేని సన్నాయివాడికి పెదవి వెనక గోడ ఉండదు. ఊపిరంతా పక్కనించి పోతుంది. మా ఇంట్లో మా తాత సన్నాయి, మా నాన్న సన్నాయి, నేను సన్నాయి. ఇంట్లో అల్లాని తలుచుకుంటాం, బతికేది రాములవారి కల్యాణాల మీద. పత్తి తియ్యడం రాదు, మిరప కొయ్యడం రాదు. ఆ రాత్రి ఇంటికొచ్చి అద్దంలో నోరు చూసుకున్నప్పుడు నా కాళ్ళ కింద నేల లేదనిపించింది.

మా బావ ఊరుకోలేదు. "గుంటూర్లో కరెంటు మరతో చేసే డాక్టరొచ్చాడంటరా. బర్రుమంటాది, అయిపోద్ది. పద" అని లాక్కుపోయాడు. ఆ డాక్టరు కుర్రవాడు, నవ్వుమొహం, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. నా నోరు చూసి, వేరు తీసేసి, అంగిట్లో ఆనే పలకకి బిగించిన పన్ను పెట్టగలననీ, అది తిండికీ మాటకీ పనికొస్తుందనీ అన్నాడు. సన్నాయికో అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. వేరు తీసినచోట ఎముక తరిగిపోతుందట, పలక ఊపిరికి జారుతుందట.

"వేరుని ఉంచి, అందులోకి బరమాతో చిల్లు దింపి, చిల్లులో కడ్డీ నిలబెట్టి, కడ్డీ మీద పన్ను పెట్టొచ్చండి. అది నిలబడుతుంది. కానీ వేరు చిట్లిందంటే మొత్తం పోతుంది. ఆ పని నేను చెయ్యను. ఈ వీధి చివర మిరపకాయల కమీషను కొట్టు మీద ఒకాయన ఉన్నారు. చేస్తే ఆయనే చెయ్యాలి."

"చేస్తే ఏంటండీ?" అన్నాడు మా బావ.

"ఆయనకి భయమండి" అని నవ్వాడు.

చెక్కమెట్లు ఎక్కేసరికి పైన గుమ్మం కర్టెను పక్కనించి ఒక కన్ను మమ్మల్ని చూస్తోంది. మేము ఇద్దరమేనని, ఎవరి చేతిలోనూ కర్ర లేదని తేల్చుకున్నాక కర్టెను తొలిగింది. బక్కపలచటి మనిషి, తెల్లచొక్కా, పైగుండీ దాకా పెట్టుకుని ఉన్నారు. ఆయన ఎవరి పేరూ అడగరు. "ఏ పనండీ మీది?" అని అడుగుతారు. ఆ పనికి గారు తగిలిస్తారు. అక్కడ బెంచీ మీద పత్తిగారు, మగ్గంగారు, బడిపంతులుగారు వరసగా దవడలు పట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు. నేను సన్నాయిగారినయ్యాను.

సన్నాయి కొసన పెదవుల మధ్య పట్టుకునే రెల్లు ముక్కని మేము పీక అంటాం. నా బాధలో నాకా సంగతి గుర్తులేదు. "డాక్టరుగారూ, ఈ పన్ను నిలబడకపోతే నేను ఇక పీక పట్టలేనండి" అన్నాను.

ఆయన రెండు చేతులూ తన మెడ దగ్గరికి తీసుకుని గోడ దాకా వెనక్కి పోయారు. మా బావ పగలబడి నవ్వి, సంచీలోంచి పీక తీసి చూపించాడు. దాన్ని దూరంనించే చూసి, ఊపిరి పీల్చుకుని, "ఆ మాట ఈ గదిలో అనకండి సన్నాయిగారూ. పీకడం అన్న మాట గోడ అవతల సగమే వినపడినా బెంచీ ఖాళీ అవుద్ది. నాకూ భయమే" అన్నారు. నిజంగానే ఆయన ఏనాడూ పన్ను పీకుతానన్నది నేను వినలేదు. "పంపించేద్దాం" అనేవారు.

బొటనవేలితో నా చిగురు పైన నొక్కి చాలాసేపు చూశారు. వేరు గట్టిగా ఉందన్నారు. ఎముక బాగుంది, మనం పాడు చెయ్యకుండా ఉంటే చాలన్నారు. తర్వాత సొరుగు లాగి ఒక గుడ్డ మూట విప్పారు. లోపల మేక దవడ ఎముకలు. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. మాంసం కొట్టుకి గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళి, దవడ ఒక్కటే కావాలని అడుగుతారని, మిగతా తలకాయ ఏం చెయ్యాలో తెలియక కొట్టువాడే ఉంచేసుకుంటాడని తర్వాత తెలిసింది.

ఒక ఎముకలో రెండు చిల్లులు, రెండిట్లోనూ రెండు కడ్డీలు. "లాగండి" అన్నారు. మొదటిదాన్ని వేళ్ళతో పట్టుకుని లాగితే ఊడివచ్చింది. చిల్లు అంచు కాఫీరంగులో మాడి ఉంది. రెండోదాన్ని లాగాను, రాలేదు. మా బావ లాగాడు, డోలు వాయించే చేతికీ రాలేదు. ఆ చిల్లు అంచు ఎముక రంగులోనే ఉంది.

"మొదటిది కరెంటు మరతో ఒకే లావు బరమా పెట్టి ఒక్క దమ్మున దింపాను. రెండోది కాలిమరతో. ముందు సన్న బరమా, తర్వాత దానికన్నా కాస్త లావుది, మధ్య మధ్య తీసి నీళ్ళు కొట్టి. ఎముకకి వేడి తగిలితే చస్తుందండి. చచ్చిన ఎముక దేన్నీ పట్టుకోదు. వేరులో దింపేటప్పుడు కూడా అంతే. లోపల వేడెక్కితే చుట్టూ ఉన్న ఎముకకి తెలుస్తుంది."

"మరి కరెంటు డాక్టరు రోజూ చేస్తున్నాడుగదండీ?" అన్నాడు బావ.

"చేస్తున్నాడు. ఆయన చేతిలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆయనకి చెయ్యి ఉంది. నాకు భయం ఉంది. కాలు ఆగితే నా మర ఆగుద్ది. కరెంటుకి కాలు లేదండి."

ఆ మర కుట్టుమిషను లాంటిది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో తొక్కుతూ, చేత్తో బరమా పట్టుకోవాలి. తొక్కే కాలి చీలమండకి మెత్తటి నూలు పగ్గం ఒకటి కట్టుకునేవారు. దాని రెండో కొస కుర్చీలో కూర్చున్నవాడి చేతికిచ్చేవారు. "భయమేస్తే లాగండి. లాగితే ఆగుతాను" అని చెప్పేవారు. పల్లెలనించి వచ్చిన రైతులు ఎద్దు పగ్గం పట్టుకున్నంత దిలాసాగా పట్టుకుని పడుకునేవాళ్ళు. ఒక పెద్దాయన నోట్లో దూది ఉండగానే అలవాటుకొద్దీ "హోయ్, హోయ్" అని అదిలించాడని చెప్పి డాక్టరుగారే నవ్వారు.

ఆయన నా పని వెంటనే మొదలుపెట్టలేదు. రమ్మన్నరోజు పోతే నోరు చూసి పంపేసేవారు. కుర్చీ ఎక్కించి దింపేసేవారు. కిటికీలోంచి వంగి కింద కొట్టు గుమాస్తాని, "ఏవయ్యా, ఇవాళ బస్తాలు కదుపుతారా?" అని అడిగేవారు. కదుపుతామంటే ఆ రోజు పని లేదు. అది మిరపకాయల సీజను. కింద బస్తా పడితే పైన ఘాటు. కుర్చీలో ఉన్నవాడు తుమ్మితే బరమా ఎటు పోతుందోనని ఆయన బెంగ. ప్రతిసారీ ముస్తాబై వచ్చి, వణికి, ఏమీ జరక్కుండా తిరిగి పోవడం వల్ల నా భయం తగ్గకపోగా ముదిరింది. అన్నం తింటుంటే విరిగిన వేరుకి నాలుక తగిలి చెమటలు పట్టేవి. కలలో సన్నాయి నోట్లో పెట్టుకుంటే దవడంతా ఊడి చేతిలోకి వచ్చేది.

చివరికి ఒక మధ్యాహ్నం, "కదపటం లేదండీ, మీరు కానివ్వండి" అని కిందనించి జవాబొచ్చింది. కిటికీ రెక్కలు మూశారు. పగ్గం నా చేతికిచ్చారు. సన్న బరమా లోపలికి దిగుతుంటే తలకాయలో పిండిమర తిరుగుతున్న చప్పుడు. రెండు మూడు తొక్కులకి ఒకసారి ఆపేవారు. బరమా తీసి ఎడమచేతి మణికట్టుకి ఆనించి, పసివాడి పాలు చూసుకున్నట్టు వేడి చూసుకుని, స్పిరిటుతో తుడిచి, రబ్బరు బుడ్డితో నా పంట్లోకి నీళ్ళు కొట్టి, మళ్ళీ మొదలుపెట్టేవారు. కుర్చీలో వెనక్కి వాలి ఉన్న నాకు ఆయన మొహం తలకిందులుగా కనపడేది. నేను చూడగలిగింది ఆ మొహమొక్కటే కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడాను.

లావు బరమా సగం దిగింది. కింద లారీ వచ్చి ఆగిన చప్పుడు. గుమాస్తా ఎవరి మీదో అరిచాడు. ధబ్బుమని ఒక బస్తా పడింది, దాని మీద ఇంకొకటి. కిటికీ సందుల్లోంచి ఘాటు వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. సన్నాయివాణ్ణి, బిగబట్టడం నాకు చేతనవును. తలకిందులుగా ఉన్న ఆ మొహంలో ముక్కుపుటాలు మాత్రం లేస్తున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తుమ్ము వస్తోందని ఆయనకి ఇంకా తెలియలేదు. కాలు తొక్కుతూనే ఉంది. బరమా నా వేరులో తిరుగుతూనే ఉంది.

ఒక్క లాగు లాగాను.

కాలు ఆగింది, మర ఆగింది. బరమా నా పంట్లో కదలకుండా నిలబడింది. ఆయన దాన్ని నిలువుగా, అతి నెమ్మదిగా బయటికి తీసి, పక్కకి తిరిగి తుమ్మారు. గోడనున్న క్యాలెండరు ఊగింది.

మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే అల్లా పేరు తలుస్తారు. నాకా క్షణాన నోటికొచ్చింది పెళ్ళిళ్ళలో విన్న మాట. నోరంతా దూది పెట్టుకుని, నాకు తండ్రి వయసున్న మనిషితో, "చిరంజీవ" అన్నాను.

ఆయన నేలమీద కూలబడి కుర్చీ కోడు పట్టుకున్నారు. తర్వాత లేచి, అద్దం పెట్టి వేరు నాలుగు వైపులా చూశారు. చిట్లలేదు. అప్పుడు మూల బల్ల మీద తువ్వాలు కప్పి ఉన్నదాన్ని చూపించారు. అది కరెంటు మరట. గుంటూర్లో అందరికన్నా ముందు ఆయనే మద్రాసునించి తెప్పించుకున్నారట.

"దీంతో ఒకప్పుడు ఒకాయనకి చేసింది ఇదే పనండి. ఇదే పన్ను. అవతలాయన తుమ్మాడు. నేను కాలు తీసేశాను. మర ఆగలేదు. వేరు పగిలింది, ఎముక కాలింది. కొన్నాళ్ళకి ఎముక పెళ్ళలు పెళ్ళలుగా బయటికొచ్చింది. పైపెదవి లోపలికి పోయింది. ఈ వీధిలోనే ఉంటాడు. ఒక్కమాట అనలేదండి. ఇప్పటికీ రోజూ పొద్దున ఎదురుపడి నమస్కారం పెడతాడు. తిట్టినా బాగుండును. ఆ నమస్కారానికే నేను మెట్లు దిగాలంటే భయపడతాను."

నోట్లో దూది ఉండటం మంచిదయింది.

"ఇక కానిద్దామండి" అని సైగ చేశాను. ఆయన కదల్లేదు. "ఒంటి తుమ్మండి" అన్నారు.

ఒంటి తుమ్ము అపశకునమని, జంటతుమ్మయితే దోషం లేదని అందరికీ తెలిసిందే. దూది తీసి, "మీరు ఇంగ్లీషు చదువు చదివారు గదండీ?" అన్నాను.

"చదివాను. అది మీ పంటికి. ఇది నాకు."

రెండో తుమ్ము కోసం ఇద్దరం కూర్చున్నాం. రాదే. ముక్కులో తువ్వాలు కొస పెట్టుకున్నారు, గుమ్మంలోకి పోయి సూర్యుణ్ణి చూశారు, రాలేదు. చివరికి, ఘాటుకి భయపడి ఏడాదంతా తలుపులు బిగించుకునే ఆ మనిషి లేచి కిటికీ బార్లా తెరిచి, కిందికి వంగి, "ఇంకో బస్తా పడెయ్యవయ్యా" అని కేకేశారు. పడింది. ఆయన తుమ్మారు, నేను తుమ్మాను, బెంచీ మీదున్న పత్తిగారు తుమ్మారు. ఎవరి కన్నీళ్ళు ఎందుకో తెలియకుండా అందరం కళ్ళు తుడుచుకున్నాం. ఘాటు పూర్తిగా అణిగేదాకా ఆగి, మళ్ళీ పగ్గం నా చేతిలో పెట్టి, మిగతా సగం దింపారు. ఆ సగానికి సాయంత్రమైంది.

కడ్డీ నిలబెట్టి పింగాణీ పన్ను పెట్టాక, వైశాఖం ముహూర్తాలదాకా ఊదవద్దన్నారు. చైత్రంలో రాములవారి కల్యాణానికి ఇంకెవరో ఊదారు. మా వీధిలోకి ఆ సన్నాయి వినపడుతుంటే నాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఏడ్చాను. పన్ను బాగానే కనపడేది. కనపడటం వేరు, ఊపిరికి నిలవడం వేరు.

వైశాఖంలో మొదటి పెళ్ళి చీరాలలో, మగ్గాలవారింట. మంగళసూత్రం కట్టే వేళకి గట్టిమేళం వాయించాలి. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, పాడుమాట అన్నా పెళ్ళికూతురి చెవిన పడకూడదని మేళమంతా ఒక్కసారిగా ఉన్న ఊపిరంతా పోస్తుంది. సన్నాయివాడి పంటికి అంతకన్నా పరీక్ష లేదు. పురోహితుడు చెయ్యెత్తుతున్నాడు. తల తిప్పి చూద్దును గదా, వంటపందిరి రాట పక్కన నల్లకోటుతో, గొడుగుతో డాక్టరుగారు. ఎవరూ పిలవలేదు. బస్సంటే భయపడే మనిషి గుంటూరునించి బస్సులో వచ్చారు. జేబురుమాలు నోట్లో కుక్కుకుని, రాటని కరుచుకుని నిలబడి ఉన్నారు.

ఊదాను. నాకు పన్ను గుర్తులేదు, పెళ్ళి గుర్తులేదు. ఆపాక బావ మొహం చూస్తే తెలిసింది, స్వరం చెదరలేదని.

అక్షింతలు ఇంకా పడుతుండగానే ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, "నోరు తెరవండి" అన్నారు. పెళ్ళివారందరి ముందూ బొటనవేలితో పన్ను నొక్కారు. ముందుకి, వెనక్కి, పక్కకి.

"ఎలా ఉందండీ మేళం?" అన్నాడు బావ.

"వినలేదండి. పన్ను చప్పుడు వింటున్నాను" అన్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "సన్నాయిగారూ, ఇక మీరు భయపడకండి. మీరు భయపడితే ఊపిరి తగ్గిపోద్ది. ఆ భయపడే పని నేను చూసుకుంటాను" అన్నారు.

చూసుకున్నారు. ప్రతి ముహూర్తాల సీజనులోనూ ఎక్కడో ఒక పందిట్లో రాట పక్కన నల్లకోటు కనపడేది. పెళ్ళికూతురివారు ఆయన్ని మగపెళ్ళివారనుకునేవాళ్ళు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారనుకునేవాళ్ళు. రెండువైపులా మర్యాదలు చేస్తుంటే బెదిరిపోయి, గట్టిమేళం అయ్యాక నా పన్ను నొక్కి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయేవారు.

నిన్న సత్తెనపల్లి దగ్గర పెళ్ళి, ఆయన పోయాక మొదటిది. పన్ను ఎప్పటిలాగే ఉంది. గుంటూర్లో ఇప్పుడందరూ కరెంటు మరలే వాడుతున్నారు, వాళ్ళు పెట్టిన పళ్ళూ బాగానే ఉన్నాయని వింటున్నాను. పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం అందుకున్నాను. ఊదుతుంటే పెదవి వణికింది. స్వరం ఒక్క చోట, ఎవరికీ తెలియనంత, జారింది. పందిట్లో ఎవరూ గమనించలేదు. పక్కనున్న డోలు గమనించింది.

బయటికొచ్చాక బావ గొంతు తగ్గించి అడిగాడు. వాడు గొంతు తగ్గించడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏరా, పన్ను కదిలిందా?"

"లేదు బావా. భయమేసింది."

"ఇన్నేళ్ళూ లేని భయం ఇప్పుడేంట్రా?"

"ఇన్నేళ్ళూ ఆ భయం ఆయన పడ్డారు బావా."